డప్పు మోగినా అది క్యారలే

డిసెంబరు వచ్చిందంటే ఆర్మూరులో ఒక మాట వినపడుతూనే ఉంటుంది. చర్చి యువకులు నక్షత్రం కట్టిన కర్ర పట్టుకుని, డప్పు, డోలక్, కంజీరలతో ఇంటింటికీ తిరిగి పాడుతుంటే, "గివేం క్యారల్స్? భజన లెక్కున్నయ్" అని కొందరు పెదవి విరుస్తారు. ఆ మాట అనేది బయటివాళ్లు కాదు, ఆరాధనలో ముందు వరసలో కూర్చునేవాళ్లే. వాళ్ల దృష్టిలో అసలు క్యారల్ అంటే ఇంగ్లీషు పాట. దాన్ని నాలుగు స్వరభాగాల్లో, ఆర్గన్ తోడుగా కదలకుండా నిలబడి పాడాలి. తెలుగులో పాడితే నకలు, డప్పు కొడితే నాటు. క్యారల్ చరిత్ర తెలియక అంటున్న మాట ఇది. పైగా మన పెద్దలను చిన్నబుచ్చే మాట. అందుకే జవాబు చెప్పాల్సి వస్తోంది.

ముందు ఆ "భజన లెక్క" సంగతే చూద్దాం. మధ్యయుగాల ఐరోపాలో జనం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ, అడుగులు వేస్తూ క్యారల్ పాడేవారు. 15వ శతాబ్దపు ఇంగ్లీషు క్యారళ్లలో మొదట ఒక వంత వస్తుంది, తర్వాత చరణం, మళ్లీ అదే వంత. ప్రతి చరణం తర్వాతా వంత తిరిగి రావడమే ఆ పాటకు గుర్తు. మన కీర్తనలో పల్లవి చేసే పని ఇదే కదా! పెద్దాయన చరణం అందుకుంటాడు, గుంపంతా పల్లవితో జవాబిస్తుంది. చెక్కభజన వాళ్లు వలయంగా తిరుగుతూ అడుగు కలుపుతారు. భజనలా ఉందని మనం సిగ్గుపడుతున్న ఆ తీరే క్యారల్‌కున్న అతి పాత లక్షణం.

ఇక స్వచ్ఛత మాట. చార్లెస్ వెస్లీ 1739లో ప్రచురించిన ప్రసిద్ధ క్రిస్మస్ గీతం 'హార్క్ ద హెరాల్డ్ ఏంజెల్స్ సింగ్'నే తీసుకోండి. దాని మొదటి పాదాన్ని 1753లో జార్జ్ వైట్‌ఫీల్డ్ మార్చేశాడు. ఇప్పుడు మనం పాడే బాణీ, అచ్చుయంత్రం కనిపెట్టిన గుటెన్‌బర్గ్ ఉత్సవం కోసం మెండెల్సన్ 1840లో కట్టింది. ఆ మాటలను, ఆ బాణీని 1855లో ఒకటి చేసినవాడు విలియం కమింగ్స్. అంటే నూటపదేళ్లకు పైగా చేతులు మారితే తప్ప ఆ పాట ఈ రూపానికి రాలేదు. 'సైలెంట్ నైట్'ను 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్‌లో మొదటిసారి పాడినప్పుడు తోడున్నది గిటారు. 'ఓ లిటిల్ టౌన్ ఆఫ్ బెత్లెహేమ్'కు ఇంగ్లండులో వాడే బాణీ, సర్రే ప్రాంతపు పల్లెలో ఒక ముసలాయన నోట వాన్ విలియమ్స్ 1903లో విని రాసుకున్న జానపద బాణీ. అది దుక్కి దున్నే కుర్రవాడి పాట. రైతుకూలీ బాణీ ఇంగ్లండులో గుడికెక్కితే సంప్రదాయం, మన పసుపు చేలలో పాడుకునే బాణీ చర్చికెక్కితే అపచారమా?

నకలు అనే నింద కూడా నిలవదు. ఆ వెస్లీ సోదరుల పేరున్న వెస్లియన్ మిషనే మన జిల్లాకు వచ్చింది. డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి పెట్టిన ఇసబెల్ కెర్ దంపతులు ఆ మిషన్ వాళ్లే. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రల్‌ను కట్టించిన పోస్నెట్ కూడా ఆ మిషన్ దొరే. వాళ్లు పాటలు తెచ్చిన మాట నిజం. కానీ వాళ్లు రావడానికి ఎంతో ముందే పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగులో క్రైస్తవ కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పడమటి బాణీల అనువాదాలూ అదే పుస్తకంలో పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఉన్నందుకు రెండోది చిన్నబోలేదు.

అన్నిటికంటే నొప్పించే మాట డప్పు గురించినది. మన పల్లెల్లో సువార్తను ముందుగా అందుకున్నవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరు వాళ్ల చేత చావుకీ చాటింపుకీ డప్పు కొట్టించుకుంది, ఆ కొట్టిన చేతిని మాత్రం దూరం పెట్టింది. పాత చాకిరీని గుర్తు చేస్తుందని కొన్ని సంఘాలు ఆ వాద్యాన్ని గుడి బయటే ఉంచాయి. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ ఇవాళ ఆ ఇంటి మనవడే సొంత ఇష్టంతో డప్పును మంట దగ్గర కాచి, రక్షకుడి పుట్టుకను చాటడానికి మోగిస్తున్నాడు. దాన్ని నాటు అనడం పాత వెలిని కొత్త మాటతో మళ్లీ వేయడమే. పశువుల తొట్టిలో పుట్టినవాడి పండుగలో ఆ మాటకు చోటు లేదు.

ఇంటింటి పాట విలువ వాకిట్లో నిలబడితే తెలుస్తుంది. డిసెంబరులో పసుపు ఇంకా భూమిలోనే ఉంటుంది, తవ్వకం సంక్రాంతి దాటాకే. చేతిలో డబ్బు ఆడని రోజులవి. అయినా రాత్రి పదకొండింటికి తలుపు తీసి, చాయ్ పోసి, కానుక సంచిలో తోచింది వేస్తారు. దుబాయ్‌లోనో దమ్మామ్‌లోనో ఉన్న కొడుకును ఫోన్‌లో చూపిస్తూ "ఇంకో చరణం పాడుండ్రి బిడ్డా, మావోడు ఇంటున్నడు" అని తల్లి అడుగుతుంది. పక్కింటి హిందువులూ ముస్లింలూ గడపలోకి వచ్చి నిలబడతారు. ఏ వేదిక మీది కచేరీ ఈ పని చేయగలదు?

నాలుగు స్వరభాగాల గానం అందమైనదే. నేర్చుకుందాం, బాగా పాడుదాం. అసలు ముప్పు డప్పుతో కాదు, కీబోర్డులో ముందే నింపి పెట్టుకున్న ఒకే దరువుతో. ఏ పాటనైనా దాని మీదికే లాగి, చెవులు పగిలే స్పీకర్లలో వదలడంతో అన్ని పాటలూ ఒకేలా తయారవుతున్నాయి. రాగం పోతోంది, మాట వినపడటం లేదు. విమర్శించదలచుకుంటే దాన్ని విమర్శించండి.

ఈ ఏడు క్యారల్ ఆరాధనలో ఇంగ్లీషు పాటలతో సమానంగా కీర్తనలు పెట్టండి. వాటిని రాసి ఉన్న రాగంలోనే పాడించండి. పాత బాణీలు తెలిసిన అవ్వలను, తాతలను కూర్చోబెట్టి పిల్లలకు నేర్పించండి. డప్పు కొట్టేవాళ్లను గేటు దగ్గర ఆపకుండా గాయక బృందం పక్కన నిలబెట్టండి. క్యారల్ ఏ దేశంలోనైనా ఆ ఊరి జనం గొంతుతోనే బతికింది. ఆర్మూరులో దాన్ని బతికించాల్సింది ఆర్మూరు గొంతే.