అడవిని చూసే హక్కు మన ఆడోళ్లకు లేదా?



ఈ మధ్య ఫోన్ తెరిస్తే ఒక రకం ప్రకటనలు తరచూ కనబడుతున్నయ్. ఆడవాళ్లకు మాత్రమే టూర్, గ్రూపులో పది మందికి మించరు, మూడు రోజులు తాడోబా నేషనల్ పార్క్, వెంట నేచురలిస్ట్, పులి కనిపించే అవకాశం ఎక్కువ. హైదరాబాద్ నుంచి ఇలా పోయొచ్చే అక్కల ఫొటోలు మీరూ చూసే ఉంటరు. మన తెలంగాణలోని మూడు నేషనల్ పార్కులు కె.బి.ఆర్., మృగవని, హరిణ వనస్థలి హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నయ్. వాటిల్లో పులి లేదు. అందుకే పులిని చూడాలనుకునేవాళ్లు చాలామంది పక్కనున్న చంద్రాపూర్ జిల్లాకు పోతున్నరు.

మనోళ్లు కొందరు ఈ ఫొటోలు చూసి నవ్వుతున్నరు. డబ్బున్నోళ్ల సరదా అంటున్నరు. నేను నవ్వను. అన్న తోడు లేకుండా, భర్త తోడు లేకుండా, భయం లేకుండా అడవికి పోవాలని ఒక ఆడమనిషికి అనిపించడం చిన్న విషయం కాదు. పది మంది ఆడవాళ్లు కలిసి పోతే రాత్రి గదిలో భయం ఉండదు, బండిలో ఎవడి వెకిలి మాటా వినాల్సిన పని లేదు. ఆ కోరిక న్యాయమైనదే. నా ప్రశ్న వేరే. అదే అడవి అంచున పుట్టిన ఆడమనిషి అడవిలోకి ఎట్ల పోతున్నది? ఆమెకు ఏ భద్రత ఉంది? ఆమెకూ అట్ల తీరికగా అడవిని చూడాలని ఉండదా?

ముందు క్యాలెండర్ చూడండి. తాడోబా కోర్ ఏరియా వానాకాలంలో మూడు నెలలు మూసి ఉంటది. పులి బాగా కనబడేది ఏప్రిల్, మే నెలల్లో. ఎండలకు వాగులు ఎండిపోతయ్, ఆకు రాలి చాటు తగ్గుతది, మిగిలిన నీటిగుంటల దగ్గరికి పులి రాక తప్పదు. అందుకే టూర్లకు అది గిరాకీ ఎక్కువుండే కాలం. తునికాకు కోతకు వచ్చేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. సఫారీ బండ్లు తెల్లవారంగ గేటు దాటే టైముకే, చుట్టుపక్కల ఊళ్ల ఆడోళ్లు సంచీ భుజాన వేసుకొని అడవిలో ఉంటరు.

బండిలో ఆరుగురు కూర్చుంటరు. గైడ్ ఒకరు, డ్రైవర్ ఒకరు. కిందికి దిగొద్దు, గట్టిగా మాట్లాడొద్దు అని రూల్స్ ఉంటయ్. అవి మంచి రూల్సే, ప్రాణాలు కాపాడేవే. తునికాకుకు పోయినామెకు బండి లేదు, గైడ్ లేడు. నడుము వంచి, చూపు ఆకు మీదే పెట్టి పొదల్లో తిరగాలె. యాభై ఆకులైతే ఒక కట్ట. వంద కట్టలు కావాలంటే ఐదు వేల ఆకులు కోయాలె. అట్ల వంగి ఉన్న మనిషి పులికి మనిషిలా కనబడకపోవచ్చు.

2025 మే 10న చంద్రాపూర్ జిల్లా సిందేవాహి అడవిలో తునికాకు కోయడానికి పోయిన ముగ్గురు ఆడవాళ్లను పులి చంపింది. ఒకే రోజు, ముగ్గురు. తాడోబా ఉన్నది కూడా ఆ జిల్లాలోనే. అంతకు ముందు 2024 నవంబర్ 29న మన కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరుతున్న ఒక యువతి పులి దాడిలో చనిపోయింది. ఆ తర్వాత అక్కడి కూలీలకు, రైతులకు మనిషి ముఖం బొమ్మ ఉన్న మాస్కులు పంచిండ్రు. పులి వెనక నుంచి వస్తది కాబట్టి తల వెనక్కి కట్టుకోమన్నరు. ఒక ఆడమనిషికి పులిని చూపించడానికి బండి, గైడ్, రూల్స్ అన్నీ ఉన్నయ్. ఇంకో ఆడమనిషికి పులి నుంచి తప్పించుకోవడానికి దొరికింది ఒక మాస్కు.

నేనిది అల్లాదుర్గ్ నుంచి రాస్తున్న. మా దగ్గర పులి లేదు కదా, నీకెందుకు అని అడగొచ్చు. మా మెదక్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు వేల మంది ఉన్నరు. వాళ్ల ఒళ్లోని చేటలోకి వచ్చే ఆకు ఏదో ఒక అడవిలో ఇంకో ఆడమనిషి చేత్తో కోసిందే. అడవి లేని ఊరైనా అడవి కష్టంతో ముడిపడే ఉంటది.

ఇప్పుడు తెలివి సంగతి మాట్లాడుదాం. ఈ టూర్లలో నేచురలిస్ట్ చెప్పేవి ఏంటివి? చుక్కల దుప్పి ఒక్కసారిగా అరిస్తే అర్థమేంది, చెట్టు మీది కొండముచ్చు ఎటు చూసి అరుస్తున్నది, దుమ్ములోని అడుగు రాత్రిదా పొద్దుటిదా. ఇవి అడవి ఊళ్ల ఆడోళ్లకు చిన్నప్పటి నుంచే తెలిసిన పాఠాలు. పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు. సాయంత్రం ఇంటికి ప్రాణాలతో తిరిగి రావాలంటే తెలిసి ఉండాల్సినవి. అదే మాట ఇంగ్లీషు పేర్లతో చెప్తే నైపుణ్యం అయితది, దానికి ఫీజు ఉంటది. మన అమ్మ చెప్తే ముచ్చట అయితది, దానికి విలువ కట్టరు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) చదవండి. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికి మేధో హక్కు ఉందని అది చెప్తది. పట్టాల గురించి మనం ఎన్నో మీటింగులు పెట్టినం. ఈ ఒక్క లైను గురించి ఎన్ని పెట్టినం?

ఇంకోటి, ఈ పార్కులు ఖాళీ నేల మీద పుట్టలేదు. తాడోబా 1955లో మహారాష్ట్రలో మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది. ఆ పేరు వచ్చింది తారు అనే ఆదివాసీ దేవుని నుంచి. తారు ఒక ఊరి పెద్ద అని, పులితో పోరాడి చనిపోయిండని అక్కడి గోండులు చెప్పుకుంటరు. చెరువు గట్టున పెద్ద చెట్టు కింద ఆయన గుడి ఉంది. దేవుని పేరు బోర్డు మీద ఉంది. ఆయనను కొలిచిన ఊళ్లు కొన్ని కోర్ ఏరియా నుంచి బయటికి పోయినయ్. మన దగ్గర కూడా 2024లో కవ్వాల్ కోర్ నుంచి కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ ఊళ్లను తరలించిండ్రు. 2025 మే 30న జీవో 49 వచ్చింది. ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు లక్షన్నర హెక్టార్లను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. ఆదివాసీలు రోడ్డెక్కినంక జూలైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. ఆ జీవో వెనకున్న కారణం తాడోబా, కవ్వాల్ మధ్య పులులు నడిచే దారి.

ఆ దారి అబద్ధం కాదు. ఫాల్గుణ అనే ఆడపులి తాడోబా వైపు నుంచే వచ్చి కాగజ్‌నగర్ అడవిలో స్థిరపడి పిల్లల్ని కన్నది. పులికి దారి కావాలె, నేను కాదనను. పులి మనకు పగ కాదు, తరతరాలుగా దాని పక్కనే బతికినం. మేం అడిగేది ఒక్కటే. ఆడపులి నడిచే దారికి జీవో రాసినోళ్లు ఆడమనిషి నడిచే దారిని కూడా లెక్కలోకి తీసుకోవాలె. ఆమె ఆకుకు, ఇప్పపువ్వుకు, దేవుని దగ్గరికి పోయే దారి అది.

"అయితే టూరిజం వద్దంటవా?" అని అడిగేవాళ్లకు నా జవాబు: వద్దనను. ఎవరి చేతిలో ఉండాలన్నదే నా మాట. పులుల అభయారణ్యాల కోర్‌లో ఇరవై శాతానికి మించి టూరిజం ఉండొద్దని జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2012 మార్గదర్శకాలు చెప్తున్నయ్. ఎంత జాగాలో బండ్లు తిరగాలన్న హద్దు గీసిండ్రు, మంచిదే. వచ్చే డబ్బు ఎవరి చేతికి పోవాలన్నది కూడా అంత గట్టిగా గీయాలె. మంచి ఉదాహరణలు లేకపోలేదు. తాడోబాలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు గైడ్లుగా, జిప్సీ డ్రైవర్లుగా పనిచేస్తున్నరు. గుజరాత్ గిర్ అడవిలో 2007 నుంచి ఆడవాళ్లను ఫారెస్ట్ సిబ్బందిగా తీసుకుంటున్నరు. మన అమ్రాబాద్ టైగర్ సఫారీలో చెంచు యువకులు గైడ్లుగా ఉన్నరు. ఆంధ్రాలో మారేడుమిల్లి వన విహార కేంద్రాన్ని స్థానిక వన సంరక్షణ సమితులు నడిపినయ్. అంటే ఇది చేయలేని పని కాదు. కానీ చాలా చోట్ల మన ఆడోళ్లకు దక్కేది ఏంది? రిసార్టులో గిన్నెలు కడగడం, దుప్పట్లు ఉతకడం, సాయంత్రం మంట చుట్టూ డ్యాన్స్ చేయడం. మనల్ని చూపిస్తరు. చూపించే పని మాత్రం మన చేతికి ఇవ్వరు.

ఇంకో మాట కూడా చెప్పాలె, దీన్ని మనమే మర్చిపోతున్నం. ఉద్యోగం ఒక్కటే హక్కు కాదు. తీరికగా చూడటం కూడా హక్కే. మన ఆడోళ్లు అడవికి ఎప్పుడు పోయినా పని మీదే పోతరు. కట్టెలకు, ఆకుకు, పువ్వుకు, పశువుల వెంట. ఊరికే కూర్చొని ఒక పిట్టను పది నిమిషాలు చూసొచ్చిన అంటే ఇంట్లో తిడతరు. మన మగపిల్లలు చెరువు గట్టు మీద సాయంత్రమంతా కూర్చున్నా ఎవరూ అడగరు. ఈ తేడా పట్నం వాళ్లు తెచ్చింది కాదు, మన ఇండ్లలోదే. దీన్ని మనమే సరిచేసుకోవాలె.

దీనికి తాడోబా దాకా పోవాల్సిన పని లేదు. అల్లాదుర్గ్ నుంచి మెదక్ దాటి పోతే పోచారం అభయారణ్యం వస్తది. ఒకప్పుడు నిజాం వేట మైదానం. 1952లో అభయారణ్యం అయింది, సుమారు 130 చదరపు కిలోమీటర్లు. అక్కడి చెరువును 1916, 1922 మధ్య కట్టిండ్రు. చలికాలంలో దూరదేశాల బాతులు దిగుతయ్, నత్తలు ఏరుకు తినే కొంగలు గుంపులుగా ఉంటయ్. ఇటు సంగారెడ్డి వైపు మంజీర అభయారణ్యం, 1978లో మొసళ్ల కోసం ఏర్పాటు చేసింది. నిజాం తుపాకీ పట్టుకొని తిరిగిన చోట మన హాస్టల్ ఆడపిల్ల బైనాక్యులర్స్ పట్టుకొని నిలబడితే ఎట్లుంటదో ఆలోచించండి. మా చుట్టుపక్కల తండాల పిల్లలను ఎంతమందిని అట్ల తీసుకుపోయినం? మనం సమాధానం చెప్పాల్సిన ప్రశ్న ఇది.

అందుకే మూడు విషయాలు అడుగుతున్న.

ఒకటి, ఇట్లాంటి టూర్లకు పోయే అక్కలకు. మీరు తప్పకుండా పోండి. బుక్ చేసే ముందు రెండు ప్రశ్నలు అడగండి. మా గైడ్ స్థానిక ఊరి ఆడమనిషేనా? మేం కట్టే డబ్బులో ఆ ఊరికి ఎంత పోతది? జవాబు రాకపోతే ఇంకొకరిని వెతకండి. మీలాంటి పది మంది అడిగితే టూర్ నడిపేవాళ్లు మారక తప్పదు.

రెండు, అటవీ శాఖకు, ప్రభుత్వానికి. తునికాకు రోజుల్లో ఏ అడవిలో పులి తిరుగుతున్నదో సఫారీ గేటు దగ్గర తెలుస్తది. అదే సమాచారం పక్క ఊరి ఆడోళ్లకు అదే పొద్దున అందాలె. గైడ్ ట్రైనింగుల్లో ఆదివాసీ ఆడపిల్లలకు సగం సీట్లు ఇయ్యాలె. గేటు ఆదాయంలో గ్రామసభ వాటా కాగితం మీద రాసి, ఊళ్లో అందరికీ చూపాలె. ఊరిని కదిలించే ముందు గ్రామసభ స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉండాలన్న చట్టం మాటను పక్కన పెట్టొద్దు.

మూడు, మనకు. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ ఊళ్లో పెద్దమ్మల దగ్గర కూర్చోండి. ఏ పిట్ట ఎప్పుడు కూస్తది, ఏ అరుపుకు ఏ అర్థం, ఏ చెట్టును ఎందుకు కొట్టరు, అన్నీ రాసుకోండి, వాళ్ల భాషలోనే. గ్రామసభలో పెట్టి ఊరి ఆస్తిగా నమోదు చేయండి. రేపు గైడ్ ఉద్యోగం అడిగేటప్పుడు అదే మన సర్టిఫికెట్. వచ్చే చలికాలంలో మీకు దగ్గరున్న చెరువుకో అడవికో పది మంది ఆడపిల్లలను తీసుకుపోండి. కట్టెలకు కాదు, ఆకుకు కాదు. ఊరికే చూసి రావడానికి.

పట్నం నుంచి వచ్చిన అక్క జిప్సీలో కూర్చొని పులిని చూసి మురిసిపోవచ్చు. ఆ జిప్సీ ముందు సీట్లో కూర్చొని "అగో, అటు చూడండి" అని చెయ్యి చూపేది మన చెల్లె కావాలె. ఆమె సెలవు రోజున, ఆమె కూడా వెనక సీట్లో కూర్చోవాలె.

జై ఆదివాసీ.