స్లాబ్ వేడితో ఫోన్ ఛార్జ్ అవుతుందా?

మే నెల మధ్యాహ్నం మా రావికమతంలో చెప్పుల్లేకుండా డాబా ఎక్కి చూడండి. స్లాబ్ ఎంత వేడి తాగుతుందో కాలికే తెలుస్తుంది. రాత్రి ఆ వేడంతా మన మంచం మీదికే దిగుతుంది. మరి దాన్ని కరెంటుగా మార్చుకోలేమా?

మార్చొచ్చు. ఒక వైపు వేడి, ఇంకో వైపు చల్లదనం ఉంటే కొన్ని పదార్థాల్లో వోల్టేజ్ పుడుతుంది. 1821లో సీబెక్ గమనించిన సంగతి ఇది. సిమెంట్‌లోనూ ఆ గుణం ఉంది, కానీ చాలా తక్కువ. 2025లో చైనాలోని సౌత్ఈస్ట్ యూనివర్సిటీ వాళ్లు మొక్క కాండంలా సిమెంట్ ఒక పొర, హైడ్రోజెల్ ఒక పొర పేర్చారు. జెల్‌లో హైడ్రాక్సైడ్ అయాన్లు చకచకా పరిగెడతాయి, కాల్షియం అయాన్లు వెనకబడతాయి. ఆ తేడాతో ఒక్కో డిగ్రీకి 40.5 మిల్లీవోల్టులు వచ్చాయి.

స్లాబ్ పైన 60 డిగ్రీలు, కింద 40 అనుకుందాం. 20 డిగ్రీల తేడాకి 0.81 వోల్టులు. బాగానే ఉంది కదా! కానీ ఫోన్‌కి కావాల్సింది వోల్టు ఒక్కటే కాదు, వాట్. ఈ పదార్థం సామర్థ్యాన్ని చెప్పే జెడ్‌టీ విలువ 0.066. దాంతో లెక్క కడితే 1000 వాట్ల వేడి స్లాబ్ దాటితే మన చేతికొచ్చేది సుమారు 1 వాట్. అదే 1000 వాట్ల ఎండ సోలార్ ప్యానెల్ మీద పడితే 200 వాట్ల దాకా వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కరెంటు ఎక్కువ కావాలంటే వేడి ఎక్కువ లోపలికి దిగాలి. మనకి కావాల్సింది అది దిగకపోవడం!

అలాగని ఈ పరిశోధన వృథా కాదు. గోడలో, వంతెనలో పగుళ్లు కనిపెట్టే చిన్న సెన్సర్‌కి మిల్లీవాట్లు చాలు. బ్యాటరీ మార్చే పని తప్పుతుంది. మన అనకాపల్లి వైపు బెల్లం పొయ్యిల గోడల్లో వేడి తేడా ఇంకా ఎక్కువ. అయితే హైడ్రోజెల్‌లో ఎక్కువ భాగం నీరే. ఆ సెగకి ఎండిపోకుండా నిలబడే జెల్ ఎవరైనా చేస్తే అది అసలు విజయం.

అందాకా డాబాకి తెల్ల సున్నమో, కూల్ పెయింటో వేయించండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. ఏసీ, ఫ్యాన్ల దగ్గర మిగిలే కరెంటు ముందు ఆ 1 వాట్ ఎంత చెప్పండి?