పల్లెవెలుగు నష్టం ఎవరి పద్దు?

ఆదిలాబాద్: ఆర్టీసీ నష్టాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వేలెత్తి చూపేది పల్లెవెలుగు బస్సునే. ఉట్నూరు, కెరమెరి వంటి ఏజెన్సీ మార్గాల్లో టికెట్లపై వచ్చే రాబడి డీజిలుకు, జీతాలకు చాలదన్నది కాదనలేని నిజం. అయితే ఆ లెక్క డిపో గేటు దాటి బయటికి రాదు. అదే బస్సులో విద్యార్థిని కళాశాలకు వెళుతోంది. గర్భిణి రిమ్స్ ఆస్పత్రికి చేరుతోంది. రైతు సంతకు సరకు తెస్తున్నాడు. సమాజానికి దక్కే ఈ ఫలితం సంస్థ పద్దుల్లో ఎక్కడా జమ కాదు.

ఉట్నూరుకు గానీ, నిర్మల్‌కు గానీ రైలు సౌకర్యం లేదు. బస్సు నిలిచిపోతే మిగిలేవి ఆటోలు, జీపులే. అవీ జనం నిండితేనే కదులుతాయి. హైదరాబాద్ సర్వీసులకు పోటీపడే ప్రైవేటు ట్రావెల్స్ మారుమూల పల్లెకు నైట్‌హాల్ట్ బస్సు నడపవు. వాటిని తప్పుపట్టనవసరం లేదు, వ్యాపార ధర్మం అంతే.

1932లో నిజాం రైల్వే ఆధ్వర్యంలో 27 బస్సులతో మొదలైన ఈ వ్యవస్థ దూరప్రాంత మార్గాల మిగులుతో పల్లె మార్గాల లోటును పూడ్చుకుంటూ వచ్చింది. ఆ మిగులును ప్రైవేటు బస్సులు తన్నుకుపోయాక లోటు మాత్రం సంస్థకే మిగిలింది. దానికి తోడు రాయితీ పాసుల సొమ్ము ప్రభుత్వం నుంచి సకాలంలో అందడం లేదన్న ఫిర్యాదు. 2019లో 52 రోజుల సమ్మె ముగిసిన వెంటనే కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీలు పెరిగాయి. అంటే భారం మళ్లీ ప్రయాణికుడిపైనే పడింది.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకాలు మొదలయ్యాయి. మహిళకు ఇచ్చే జీరో టికెట్ విలువను ప్రభుత్వమే సంస్థకు చెల్లించాలన్నది ఏర్పాటు. ఉచితం మంచిదా చెడ్డదా అన్న వాదన ఎలా ఉన్నా, సేవ ఖర్చును సంస్థ నష్టంగా కాక బడ్జెట్ వ్యయంగా చూపడం సరైన పద్ధతి. పల్లెవెలుగు మార్గాల లోటుకూ దీన్ని వర్తింపజేయవలసి ఉంది. ఏ మార్గానికి ఎంత ఇస్తున్నదీ శాసనసభలో చెప్పి, నెలనెలా చెల్లించాలి. చెల్లింపు ఆలస్యమైతే కొత్త బస్సుల కొనుగోలు ఆగుతుంది, ఉన్నవి డొక్కువవుతాయి, ట్రిప్పులు తగ్గుతాయి. అప్పుడు ఉచిత ప్రయాణానికి అర్హురాలైన కూలీ కూడా సాయంత్రం బస్సు రాక, ఆటోకు డబ్బు చెల్లించి ఇల్లు చేరవలసి వస్తుంది.