నీళ్లు రాకముందే

అలంపూర్ చౌరస్తా నుంచి మా మామ ఫోన్: "అల్లుడా, కొత్త లినక్స్ కంప్యూటర్ పెట్టినం. పాత మిల్లు లెక్కలు కనబడ్తలేవు!"

ఆ లెక్కలు 90ల నాటి నెట్‌వేర్ సర్వర్‌లో ఉన్నాయి. దానికి తెలిసిన భాష ఐపీఎక్స్. మన ఫోన్లు వాడే ఐపీ కాదు. ఐపీఎక్స్‌ను లినక్స్ కెర్నెల్ నుంచి 2018లోనే, 4.18తో తీసేశారు. అట్లాంటిదే డెక్‌నెట్, 2022లో 6.1తో పోయింది. వాడేవాళ్లు లేని కోడ్‌ను బాగుచేసేవాళ్లూ ఉండరు. అందులో బొక్క ఉంటే దొంగలకు దారే.

అందుకే కొత్త దాన్ని కెలకలేదు. పక్కన ఒక పాత పీసీలో 4.9 కెర్నెల్ పెట్టిన. మెనూకాన్ఫిగ్‌లో ఐపీఎక్స్‌కూ, నెట్‌వేర్ ఫైళ్లు చదివే ఎన్‌సీపీకీ 'ఎం' నొక్కిన. 'వై' అంటే ఎప్పుడూ కెర్నెల్‌లోనే ఉంటది. 'ఎం' అంటే మాడ్యూల్, పిలిస్తేనే వస్తది. ఇంటర్నెట్ వైరు పీకి, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి దించిన.

శ్రీశైలం నీళ్లలో మునుగుతదని కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి మా అలంపూర్‌లో మళ్లీ కట్టారు. మునిగినంక కాదు, ముందే. మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుందా? ఈ ఆదివారమే అందులోవి దించుకోండి.