కనిపెట్టుట



ప్రార్థన యనగా దేవునితో సంభాషణమని మన పెద్దలు చెప్పుదురు. సంభాషణమునకు ఇద్దఱుండవలయును గదా! కాని మన ప్రార్థనలలో మాటలాడువారము మనమే. పిల్లల చదువు, పెనిమిటి యారోగ్యము, తీరని యప్పు, రాని వాన, అన్నియు నొక్క గుక్కలో విన్నవించి, ఆమేనని లేచిపోవుదుము. అర్జీ యిచ్చి, ఉత్తరువు వినకయే కచేరి నుండి తిరిగివచ్చువారికిని మనకును భేదమేమి?

ప్రభువు చీకటి యుండగనే లేచి, నిర్జనప్రదేశమునకు బోయి ప్రార్థించెనని మార్కు సువార్త మొదటి యధ్యాయమున నున్నది. ఏలీయా గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను గాక, వాటి వెనుక వచ్చిన మెల్లని స్వరమున దేవుని గుర్తించెను.

మన తెలుగున కనిపెట్టుట యను చక్కని మాట యొకటి కలదు. ఎదురుచూచుట యని దాని కర్థము. రోగిని కనిపెట్టి యుండుట యన్నప్పుడు జాగ్రత్తగా కాచుట యని యర్థము. తెలియనిదానిని తెలిసికొనుట యనియు నర్థమే. తెలుగు బైబిలున భక్తులు దేవునికొఱకు కనిపెట్టుకొందురు. 1938లో రాజమహేంద్రవరమున బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసుగారు దైవసన్నిధిని మౌనముగా కనిపెట్టుటను విశ్వాసులకు నేర్పిరి.

ఈ యెదురుచూపు ఎంత దీర్ఘమై యుండునో మన పొదిలికి తూర్పుననున్న ఒంగోలు చరిత్రము తెలుపును. నెల్లూరిలోని బాప్టిస్టు మిషనును మూసివేయుదమా యని 1853లో అమెరికాలోని పెద్దలు తర్కించిరి. 1854 జనవరి 1వ తేదీ వేకువను ఒంగోలు కొండపై ఐదుగురు మోకరించి, ఆ యూరికొక బోధకుని పంపుమని వేడుకొనిరి. జూయెట్ దొరగారు, వారి భార్య, నరసు, జూలియా, రూతు అనువారు వారు. ఐదుగురిలో మువ్వురు స్త్రీలే! క్లౌ దొరగారు ఒంగోలు చేరినది 1866లో. అనగా పండ్రెండేండ్లు గడచినవి. మహాక్షామము పిమ్మట, 1878 జూలై 3వ తేదీని, గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నేటికిని ఆ కొండను ప్రార్థన కొండ యనియే పిలుచుచున్నారు.

మనకు కొండ లేదు, తీఱికయు లేదు. వేసవిలో మా యూర నీళ్ల ట్యాంకరు వచ్చు వేళయే దినచర్యను శాసించును. తక్కిన వేళలను సెల్‌ఫోను హరించును. కావున నిశ్శబ్దము దానంతట రాదు. పాలు తోడుపెట్టినట్లు ముందుగా పూనుకొని యేర్పఱచుకొనవలయును. పొయ్యి వెలిగింపక మునుపు పావుగంట చాలును. ఫోను వేఱొక గదిలో నుంచి, నాలుగు వచనములు మెల్లగా చదివి, ఊరకుండవలయును. పప్పు నానవేయలేదని జ్ఞప్తికి వచ్చినచో, ప్రక్కనున్న కాగితముపై వ్రాసి మరల మౌనము వహింపుడు. మనస్సు పదిమార్లు పాఱిపోయినచో పదిమార్లు పిలిచికొని రండు. అది యోటమి కాదు, అదియే సాధన.

ఒక హెచ్చరిక. మనస్సున తోచినదెల్ల దైవవాక్కు కాదు. అత్తగారితో మాటలు మానుమని తోచినచో అది మన కోపము పలికిన పలుకు. బిడ్డకు మందు మాన్పింపుమని తోచినచో క్షణమైన నమ్మరాదు. తోచినదానిని లేఖనముతోను, అనుభవజ్ఞులైన పెద్దలతోను సరిచూచుకొనుడు. క్షమింపుమనియు, అప్పు తీర్చుమనియు, ప్రక్కయింటి రోగిని చూచిరమ్మనియు తోచినచో, ఆ పని నాడే చేయుడు. వినుటకు గుర్తు విధేయతయే గదా.

ఇంటివారికిని ఒక మనవి. చంటిబిడ్డ తల్లికిని, కోడికూతతో కూలికి బోవు స్త్రీకిని పావుగంట దొరకకున్నచో, వారికి భక్తి లేదనుట న్యాయము కాదు. ఆ పావుగంట సేపు బిడ్డ నెత్తుకొనుటయో, కాఫీ కాచుటయో పెనిమిటి చేయదగిన పనియే. మరియ ప్రభువు పాదములయొద్ద కూర్చుండ గలిగినది మార్త పని చేయుచుండుటచేతనే. ఒకనాడు మార్తకును కూర్చుండు వంతు రావలయును. ఆ వంతు నిచ్చుట యింటిల్లిపాదికి విధి యని మేము తలంతుము.