వేగం ఉన్నవాడే ముందు పలకరించాలి

బయల్దేరిన మనిషిని ‘ఎక్కడికి?’ అని అడగకూడదని మన పెద్దల పట్టింపు. వెళ్లే పని చెడుతుందన్న శంక కొంత, అవతలివాడి పని అవతలివాడిదన్న మర్యాద కొంత. అందుకే ‘ఎందాకా?’ అన్నారు, ‘దూరమేనా?’ అన్నారు. ‘ఇక్కడిదాకానే’ అంటే ఆ ప్రశ్నకు జవాబు అయిపోయినట్టే. ఊరి పేరు చెప్పక్కర్లేదు, పని చెప్పక్కర్లేదు. అడిగినవాడికి కావలసిందీ వివరం కాదు. ‘నిన్ను చూశాను’ అని తెలియజేయడమే ఆ మాటకు అర్థం. బందరు నుంచి గుడివాడ దాకా, ఇటు పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దాకా కాలువ గట్ల మీద సైకిల్ తొక్కేవాళ్లకు సరిపోయే పలకరింపు ఇది. నాలుగు సెకన్లలో అయిపోతుంది, పెడలు ఆపక్కర్లేదు. బళ్ల వేగం పెరిగినకొద్దీ ఈ అలవాటు పలచబడుతోందని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ బాధ న్యాయమైనదే. అయితే అలవాటును నిలబెట్టుకునే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి: దారిలో ఇద్దరు ఎదురుపడితే ముందు పలకరించాల్సింది ఎవరు?

ఈ ప్రశ్నకు పల్లెటూళ్లలో పాత జవాబు ఒకటి ఉంది, అది చేదు జవాబు. కూలి ఆసామికి, పాలేరు కామందుకి ముందు దణ్ణం పెట్టాలి. సైకిల్ వచ్చాక ఆ దణ్ణానికి కొత్త రూపం వచ్చింది. పెద్దింటి వీధిలోకి రాగానే దళితుడు సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలి. ఇది ఏ ఒక్క ఊరికో పరిమితమైన దురాచారం కాదు. ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలను పరిశీలించి, గ్రామీణ భారతంలో అంటరానితనంపై 2006లో వెలువరించిన అధ్యయనం దళితులను సైకిల్ తొక్కనివ్వని ఆచారాన్నీ నమోదు చేసింది. పార్లమెంటు 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు, బహిరంగ స్థలాల్లో సైకిల్ గానీ మోటార్‌సైకిల్ గానీ ఎక్కకుండా అడ్డుకోవడాన్ని పేరుపెట్టి మరీ నేరాల్లో చేర్చింది. ఆ సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. మనిషి తన సైకిల్ తాను ఎక్కడానికి చట్టం కాపు కాయాల్సి వచ్చిందంటే, వెనకటి రోజుల్లో అందరూ ఎంచక్కా పలకరించుకునేవారని చెప్పుకునే ముందు కాస్త ఆగాలి. ఆ మర్యాదలో కొంత భాగం భయం. కింద ఉన్నవాడి నుంచి పైకి మాత్రమే నడిచిన పలకరింపును తిరిగి తెచ్చుకోనక్కర్లేదు.

దీనికి పూర్తిగా ఎదురు నడిచే సూత్రం కూడా మనకు దగ్గర్లోనే ఉంది. గోల్కొండ రాజ్యానికి రేవుగా పెరిగిన బందరులో ముస్లిం కుటుంబాలకు అది కొత్తది కాదు. వాహనం మీద వెళ్లేవాడు నడిచేవాడికి, నడిచేవాడు కూర్చున్నవాడికి, కొద్దిమంది ఎక్కువమందికి ముందు సలాం చెప్పాలని హదీసు సంప్రదాయం. వాహనం మీద ఉన్నవాడు ఎత్తులో ఉంటాడు, వేగంలో ఉంటాడు. ఢీకొంటే దెబ్బ కింద ఉన్నవాడికే. ‘నా వల్ల నీకు హాని లేదు’ అని చెప్పాల్సిన పూచీ కూడా అందుకే ఎత్తులో ఉన్నవాడిది. ఏ మతం వాళ్లయినా మన గట్టు రోడ్లకు ఈ సూత్రాన్ని అన్వయించుకోవచ్చు. ఐసు పెట్టెలతో రొయ్యల చెరువులకు పోయే వ్యాను సైకిల్‌ను గుర్తించాలి. గేరు సైకిల్ మీద వచ్చినవాడు, క్యాన్లు తగిలించుకుని బరువుగా తొక్కుతున్న పాలాయన్ని ముందు పలకరించాలి. ఆ పాలాయన నడిచి వెళ్లే ముసలమ్మను, నడిచేవాళ్లు తూము మీద కూర్చున్నవాళ్లను పలకరించాలి. కులం, వయసు, ఆస్తి ఈ లెక్కలోకి రావు. ఆ క్షణంలో ఎవరి చేతిలో వేగం ఉందన్నదే లెక్క.

ఒక తల ఊపుతో ఏం ఒరుగుతుందని అడగవచ్చు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చేసిన పరిశోధన ఒకటి 2012లో అచ్చయింది. దారిన పోయేవాళ్లలో కొందరి కళ్లలోకి చూశారు, కొందరిని చూసి నవ్వారు, కొందరిని అసలు మనిషే లేనట్టు దాటిపోయారు. ఆ వెంటనే మరొకరు వెళ్లి, ఇతరులతో ఎంత దూరంగా ఉన్నట్టు అనిపిస్తోందని వాళ్లను అడిగారు. ఒక్క చూపు దక్కినవాళ్ల కంటే, గాలిని చూసినట్టు చూడబడినవాళ్లు ఎక్కువ వెలితి చెప్పారు. వాళ్లంతా ఒకరికొకరు పరాయివాళ్లే. ఇక మన రోడ్లకు ఇందులో ఇంకో లాభం ఉంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పొలం, కోతల కాలంలో రోడ్డు మీదే సగం మేర ఆరబోసిన ధాన్యం, ధనుర్మాసంలో పొద్దెక్కేదాకా విడవని మంచు. ఇలాంటి చోట ఎదుటి మనిషిని పలకరించాలంటే ముందు అతన్ని చూడాలి, చూడాలంటే కాస్త నెమ్మదించాలి. హారన్ ‘తప్పుకో’ అంటుంది. పలకరింపు ‘నువ్వున్నావని తెలుసు’ అంటుంది. ఈ రెండో మాట విన్నవాడు బెదిరి కాలువ వైపు జరగడు.

హెల్మెట్లు పెట్టుకుని గుంపులుగా వ్యాయామానికి వచ్చే సైకిల్ సోదరులకు ఇక్కడ ఒక మాట. మీలో మీరు చెయ్యి ఎత్తుకోవడం బాగుంది. కానీ అదే దారిలో క్యారియర్‌కు అన్నం డబ్బా కట్టుకుని పనికి పోయే మనిషి మీకంటే ఎక్కువ దూరం, ఎక్కువ ఏళ్లుగా తొక్కుతున్నవాడు కావచ్చు. అతని సైకిల్ సరదా కాదు, బతుకు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. ఆ సైకిళ్లలో అత్యధికం అతనిలాంటి వాళ్లవే. అతన్ని వదిలేసి ఖరీదైన సైకిళ్ల మధ్య మాత్రమే తిరిగే పలకరింపు ఒక చిన్న సంఘం గుర్తుగా మిగిలిపోతుంది.

అభ్యంతరాలు లేకపోలేదు. బందరు కోనేరు సెంటర్లో ఎదురైన ప్రతివాడినీ పలకరిస్తే ఇల్లు చేరేదెప్పుడు అన్నది మొదటిది. నిజమే. జనం మధ్య ఒకరినొకరు గమనించీ గమనించనట్టు వదిలేయడం కూడా మర్యాదేనని 1963లోనే ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త వివరించాడు. నా వాదన సెంటర్ల గురించి కాదు, కనుచూపు మేరలో ఇద్దరే ఉన్న గట్టు రోడ్ల గురించి. చెయ్యి వదిలితే ప్రమాదం కదా అన్నది మరొకటి. వదలొద్దు. ఒక చెయ్యి తీస్తే ఒక బ్రేకు పోయినట్టే. తల ఊపినా, ‘ఆఁ, ఎందాకా’ అన్నా చాలు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. మన ఊళ్లలో ‘ఎందాకా’ అన్న మాట ‘ఏ ఊరు బాబూ?’లోకి, అక్కడి నుంచి ‘ఎవరి తాలూకు?’లోకి జారుతుంది. మూడో ప్రశ్నకు కులం బయటపడాలి. దాన్ని తప్పించుకోవడానికే చూపు తిప్పుకుని పోయేవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పుపట్టలేం. పలకరింపు వేరు, ఆరా వేరు. జవాబు రాబట్టాలని చూస్తే అది ఆరానే, ఎంత తియ్యగా అడిగినా.

ఆడపిల్లల విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. ‘బడికొస్తా’ పథకం కింద మన రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చారు. బీహార్‌లో 2006లో ఇలాగే సైకిళ్లు ఇస్తే హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య బాగా పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ పరిశోధనలో తేలింది. సైకిల్ బడి దూరాన్ని తగ్గించింది. దారిలో వినబడే మాటలను మాత్రం సైకిల్ తగ్గించలేదు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నప్పుడు వెకిలి వ్యాఖ్యలు భరించాల్సి వచ్చింది. అలా వాగినవాళ్లు కూడా ‘ఊరికే పలకరించాం’ అనే అంటారు. కాబట్టి ఒంటరిగా వెళ్తున్న అమ్మాయి దగ్గర వేగం ఉన్నవాడి మర్యాద ఎడంగా జరిగి దారి ఇవ్వడమే. వెనకే తొక్కకూడదు, పక్కకు రాకూడదు. ఆ పిల్లే ‘బాబాయ్’ అనో ‘అన్నయ్యా’ అనో పిలిస్తే జవాబు చెప్పాలి. చేలో వంగి నాట్లు వేస్తున్న వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బెల్లు కొట్టి తలెత్తించనక్కర్లేదు. నడుం నిలబెట్టుకోవడానికి లేచి రోడ్డు వైపు చూసినప్పుడు మాత్రం, చూడనట్టు పోకూడదు.