గాజులిచ్చే ఆమెకి బండి చూపించరా?

మా మరిది పాత బొలెరో పికప్ ఒకటి బేరమాడుతున్నాడు. ఇప్పటికే 2,40,000 కిలోమీటర్లు తిరిగిన బండి. అడ్వాన్సు కోసం తాకట్టుకి వెళ్ళేవి మా తోడికోడలి గాజులు. బండి చూడ్డానికి మాత్రం ఆమెను ఎవరూ రమ్మనలేదు. "ఇంజను సంగతి ఆడవాళ్ళకేం తెలుస్తుంది?" అట!

నన్నడిగితే, బాగా తిరిగిందని భయపడక్కర్లేదు. వేళకి ఆయిలు మార్చి, సర్వీసు బిల్లులు దాచిన బండి, మీటరు వెనక్కి తిప్పిన బండి కంటే వెయ్యి రెట్లు నయం. మీటరు 50,000 చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే అనుమానించాల్సిందే. (గిన్నెలు తోమే వాళ్ళం, అరుగుదల మనకు తెలీదూ?) పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజను స్టార్టు చేయించాలి. నీలం పొగ వస్తే ఆయిలు మండుతోందన్నమాట. ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరుంటే, బాకీ తీరినట్టు కాగితమూ, వాళ్ళు సంతకం పెట్టిన ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. అదీ ఖర్చే.

అన్నిటికన్నా ముందు, నెలకి ఖాయంగా ఎన్ని కిరాయిలున్నాయి? డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు, గాజుల మీద వడ్డీ పోను ఇంటికి మిగిలేదెంత? ఇంటి పద్దు రాసే మనిషి కాక ఇంకెవరడుగుతారు ఇది?

ఆదివారం తనూ వెళ్తానని చెప్పమన్నాను మా తోడికోడలితో. బండి ఆమె పేరున రాయిస్తే బావుంటుందని మామగారి చెవిన కూడా వేశాను. ఆయన ఇంకా ఏమీ అనలేదు.